ఊఁ కొట్టిన మేడమ్

మేడమ్ పోయారని మస్తాన్ భాయ్ వాయిస్ మెసేజ్ పెట్టాడు. బాల్కనీలో బట్టలు ఆరేస్తూ విన్నాను. "సిస్టర్, టీచరమ్మ పోయిందంట. విశాఖపట్నంలోనే. నిద్రలోనే పోయిందంట. మీకు జెప్పకుంటే ఎట్లా అని జెప్తాండా" అన్నాడు.  వెనకాల బండి ఇంజన్ చప్పుడు కాసేపు వినిపించి మెసేజ్ అయిపోయింది. మళ్ళీ పెట్టుకుని విన్నాను. మిగిలిన బట్టలు ఆరేశాను. ఏడుపు రాలేదు. రాలేదేమిటా అని నా మీద నాకే ఒళ్ళు మండి, ఒకసారి పిండేసిన దిండు గలీబునే మళ్ళీ పిండాను.

ఆవిడ పేరు రాయను. ఒకసారి మా చర్చి వాళ్ళు శాలువా కప్పి ఫ్లెక్సీ వేయిస్తామంటే, "అంత పెద్ద నా మొహం చూస్తే నాకే జడుపు జ్వరం వస్తుంది, వదిలెయ్యండి బాబూ" అని చేతులు జోడించేశారు. అందుకని మేడమ్ అనే రాస్తాను. మస్తాన్ భాయ్‌కి మాత్రం ఆవిడ టీచరమ్మ.

ఎక్కడ పుట్టారో, ఎందుకు ఒంటరిగా ఉండిపోయారో నాకు తెలీదు. అడిగితే నవ్వి మన సంగతే ఏదో ఎదురు అడిగేవారు. సోషల్ వర్క్ పాఠాలు చెప్పి చెప్పి విశాఖలో రిటైరయ్యారనీ, ఆ తర్వాత మస్కట్‌లో ఏదో కాలేజీకి కాంట్రాక్టు మీద వచ్చారనీ తెలుసు. అక్కడే మత్రా రేవు దగ్గర సాంబ్రాణి అమ్మే కొట్టు మీద గదిలో ఉండేవారు. ఆ మెట్లెక్కి వెళ్ళొస్తే రెండు రోజులు మన బట్టలకి ఆ వాసన పోదు. నూలు చీర, కాళ్ళకి మగవాళ్ళ బూట్లు, భుజాన గుడ్డసంచీ. ఆ సంచీలో కత్తెర, చీపురు పుల్లలు, పిన్నీసులు, ఎప్పటివో ఖర్జూరం గింజలు. గింజలెందుకు మేడమ్ అంటే, "పారేద్దామనే, డబ్బా కనపడలేదు" అనేవారు. మస్కట్‌లో అడుగడుక్కీ చెత్తడబ్బాలే.

నేను అప్పుడు మస్కట్‌కి గంటన్నర దూరంలో ఉన్న సువైక్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుని. మాది నరసాపురం దగ్గర. నాకు నోరెక్కువని అప్పటికే ఆస్పత్రి అంతా పేరు. ఒకరోజు ఈవిడ తిన్నగా ఎక్స్‌రే గదిలోకి వచ్చి, "పాత ఫిల్ములు పారేసేవి ఏమైనా ఉంటాయా అమ్మాయ్?" అని తెలుగులో అడిగారు.

"ఎందుకండీ, గ్రహణం చూస్తారా?" అన్నాను.

"కాదు, బొమ్మలు చేస్తాను. తోలుబొమ్మలకి ఇక్కడ మేకతోలు ఎవరు ఇస్తారు? ఇదైతే వెలుగు బాగా పారుతుంది" అన్నారు. తర్వాత నా మొహంలోకి చూసి, "మీ రూమ్‌లో కిటికీ ఎటువైపు?" అని అడిగారు.

ఇదేం ప్రశ్న అనుకున్నాను. కానీ జవాబు చెప్పడం మొదలుపెడితే ఆగలేదు. కిటికీ వెనకవైపనీ, దాన్ని ఏసీ పెట్టె మూసేసిందనీ, మిగిలిన సందులోంచి ఒక ఖర్జూరం చెట్టు మట్ట మాత్రం కనబడుతుందనీ, తెల్లారి ఆ మట్ట మీద ఎండ ఎర్రగా పడినప్పుడు నేనెక్కడున్నానో ఒక్క క్షణం నాకే తెలీదనీ, అన్నీ చెప్పేశాను. ఆవిడ నా పెదాల మీంచి చూపు తిప్పకుండా ఊఁ, ఊఁ అంటూ విన్నారు. అంత ధ్యాసగా నా మాట ఎవరూ వినలేదు, నన్ను కన్నవాళ్ళతో సహా. పేర్లున్న మూలలు కత్తిరించి ఇరవై ముప్పై ఫిల్ములు ఆవిడ చేతిలో పెట్టాను.

కొత్తవాళ్ళు ఎవరు కనబడినా ఆవిడ మొదటి ప్రశ్న ఆ కిటికీయే. ఏ ఊరు, ఏ కులం, ఏ కంపెనీ, ఇవేవీ అడగరు. కిటికీ లేని రూమ్ అని చెప్పినవాళ్ళ భుజం మీద చెయ్యి వేసి, ఆ రోజు వాళ్ళని వదిలేవారు కాదు.

శుక్రవారం పొద్దున మా చర్చి అయ్యాక మస్తాన్ భాయ్ తన కంపెనీ వ్యాన్‌లో మేడమ్‌ని సువైక్ తీసుకొచ్చేవాడు. మస్తాన్ భాయ్‌ది కడప. ఆయన బంధువొకాయన పనిచేసే ఖర్జూరం తోటలో ఒక రేకుల షెడ్డు ఉండేది. కాయలు లేని రోజుల్లో అది మాకు ఇచ్చేవారు. తలుపులు మూసేస్తే మధ్యాహ్నం రెండింటికి కూడా లోపల చీకటే. రేకుల్లో మేకుల చిల్లుల్లోంచి సన్నసన్నగా వెలుగు దిగేది, అందులో ధూళి మెల్లగా తిరిగేది. ఆస్పత్రి దుప్పటి ఒకటి అడ్డంగా కట్టి, వెనకాల బల్బు పెట్టి బొమ్మలాడించేవాళ్ళం. నర్సులం నలుగురైదుగురం, తాపీ పనివాళ్ళు, డ్రైవర్లు, ఒక టైలరు. ఒకరి మాట తూర్పుగోదావరి, ఒకరిది కడప, ఒకరిది హైదరాబాదీ ఉర్దూ. బయట ఎండ నిప్పులు కక్కుతున్నా ఆ షెడ్డులో కూర్చుంటే నీటి అడుగున ఉన్నట్టుండేది.

ఫిల్ములు అయిపోయాక మగవాళ్ళు తమవే తెచ్చారు. గల్ఫ్‌కొచ్చే ప్రతివాడూ మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీయించుకునే వస్తాడు కదా. ఆ ఫిల్ము సూట్‌కేసు అడుగున ఏళ్ళ తరబడి పడుంటుంది. వాటితో మేడమ్ రాజుల్ని చేశారు, గుర్రాల్ని చేశారు, ఒక ముసలి తాబేలుని చేశారు. సూది కాల్చి చిల్లులు పొడిచి, ఎర్ర స్కెచ్‌పెన్నుతో కిరీటాలు దిద్దారు. దుప్పటి మీద రాజు నడిచొస్తే ఆయన కడుపులోంచి ఎవరివో పక్కటెముకలు లేతగా మెరిసేవి.

ఒకసారి ఈ బొమ్మల్ని పట్టుకుని దుక్మ్ దాకా వెళ్ళాం, అక్కడి కూలీల క్యాంపులో ఆడించడానికి. రోజంతా ఎడారి. రోడ్డు మీద నీళ్ళున్నట్టు కనబడేది, దగ్గరికెళ్తే ఉండేవి కాదు. మేడమ్ ముందు సీట్లో కూర్చుని ఒడిలో తాబేలుని పెట్టుకుని నిద్రపోయారు. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక క్యాంపు మెస్సులో దుప్పటి కట్టాం. డ్యూటీ దిగి స్నానాలు చేసి, తడి తలలతో వందమంది దాకా కింద కూర్చున్నారు. గుర్రం దుప్పటి మీదికి రాగానే అంతకుముందు సువైక్‌లో ఉండగా తన ఫిల్ము ఇచ్చిన జగిత్యాల కుర్రాడొకడు వెనక వరసలోంచి లేచి, "అరే, గా బొక్కలు నావే! గా పక్క బొక్క ఇరిగింది నాదే!" అని ఎముకల్ని చూపిస్తూ అరిచాడు. మెస్సంతా ఒకటే నవ్వు. వాడు మాత్రం నవ్వలేదు. ఆట అయ్యేదాకా నిలబడే చూశాడు. తర్వాత మేడమ్ పక్కన కూర్చుని చాలాసేపు ఏదో చెప్పుకున్నాడు.

బొమ్మలకన్నా ముందు మాకు ఆవిడ నేర్పింది ఊఁ కొట్టడం. మన ఇళ్ళల్లో పిల్లలకి కథ చెప్పేటప్పుడు ఊఁ కొట్టమంటాం కదా, అదే. ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టేవారు. ఒకరు తమ సంగతి చెప్పాలి, రెండోవారు ఊఁ కొట్టాలి. మధ్యలో సలహా ఇస్తే అవుట్. "రెండేళ్ళ కోర్సులో నా స్టూడెంట్లకి నేను నేర్పేది ఇంతే. మిగతాదంతా సిలబస్సు" అనేవారు. నేను ప్రతిసారీ రెండో నిమిషంలో అవుటయ్యేదాన్ని. ఎదుటివాడు నిద్ర పట్టట్లేదు అంటే చాలు, టీ తగ్గించు అనేసేదాన్ని. మేడమ్ నా చెవి మెలేసి, "నీకు నోరు తప్ప ఇంకో అవయవం లేదే" అనేవారు.

ఆవిడ ఊఁ మాత్రం అద్భుతం. కష్టం చెప్పేటప్పుడు లోగొంతులో పలికేది. అబద్ధం చెప్పేటప్పుడు కాస్త సాగేది, చెప్పేవాడు సిగ్గుపడి దారిలోకి వచ్చేవాడు. ఆవిడ ఏమీ అనరు, తీర్పు చెప్పరు. అయినా ఆవిడ దగ్గర చెప్పుకొచ్చినవాళ్ళు ఆ రాత్రి నిద్రపోయేవారు. వారం వారం షెడ్డు బయట నీడలో మనుషులు వంతులేసుకుని కూర్చునేవారు, డాక్టరు దగ్గర కూర్చున్నట్టు.

ఇక నా సంగతి చెప్పాలి. దీన్ని దాటేసి ఆవిడ గురించి రాయడం కుదరదు, చాలాసార్లు దాటేద్దామనే చూశాను.

ఒక శుక్రవారం నాకు పొద్దుటి డ్యూటీ. మా వార్డులో ఒక ముసలాయన ఉండేవాడు, ఒమానీ. అందరం బాబా అనేవాళ్ళం. ఆయనకి మధ్యాహ్నం భోజనానికి ముందు ఇన్సులిన్ ఇవ్వాలి. ఆ రోజు షెడ్డులో కొత్త ఆట, రాణి బొమ్మ నాది. గేటు దగ్గర మస్తాన్ భాయ్ హారన్ కొడుతున్నాడు. బాబాకి సూది వేసేసి, చార్ట్‌లో రాయకుండా పరిగెత్తాను. వచ్చి రాద్దాంలే అనుకున్నాను. నా తర్వాత డ్యూటీ సునీతది. తుని పిల్ల, వచ్చి ఎనిమిది నెలలు, నన్ను అక్కా అని పిలిచేది. చార్ట్‌లో ఖాళీ చూసి, ఇవ్వలేదు కాబోలనుకుని మళ్ళీ ఇచ్చింది. నేను షెడ్డులో రాణిని ఆడిస్తున్న వేళకి అక్కడ బాబా చెమటలు పట్టి స్పృహ తప్పిపోయాడు.

దేవుడి దయవల్ల బతికాడు. గ్లూకోజ్ పెట్టారు, సాయంత్రానికి లేచి కూర్చున్నాడు. కానీ విచారణ జరిగింది. సునీత డోసు కొలవడంలో పొరబడిందని తేల్చారు. మాట్రన్ నన్నూ పిలిచి, నువ్వు ఇచ్చావా అని అడిగింది. "చార్ట్ చూడండి మేడమ్" అన్నాను. అబద్ధం చెప్పలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఛీ, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు మొహం చెల్లదు. సునీతకి నోటీసు ఇచ్చారు. ఉద్యోగం పోయింది, నెలాఖరుకి ఇంటికి పంపేస్తాం, అప్పటిదాకా డ్రెస్సింగులు మాత్రం చెయ్యి అన్నారు. అలాంటి కాగితంతో వెళ్తే మళ్ళీ ఏ దేశంలోనూ నర్సుగా తీసుకోరు. ఆ పిల్ల మెస్సులో నా పక్కనే కూర్చుని, అన్నం కెలుకుతూ, "ఒక్కసారే ఇచ్చానక్కా, ప్రమాణం" అనేది. నేను పప్పు వడ్డించేదాన్ని.

వారం తిరక్కుండానే సెలవు పెట్టుకుని మత్రా వెళ్ళాను. మేడమ్‌ని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళాను. సాయంకాలం, గాలి బాగా ఉంది. రేవులో తెల్ల ఓడ ఒకటి కదులుతుందో లేదో తెలీకుండా కదులుతోంది. ఇద్దరం గోడ మీద పక్కపక్కన, సముద్రం వైపు తిరిగి కూర్చున్నాం. ఆవిడకి ఎడంపక్క నేను. మొత్తం చెప్పాను. హారన్, ఖాళీ చార్ట్, చార్ట్ చూడండి అన్న నా మాట, పప్పు. ఏడుస్తూ, తల ఎత్తకుండా చెప్పాను. ఆవిడ ఊఁ, ఊఁ అంటూనే ఉన్నారు. అయ్యాక నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని నిమిరారు. "పద, టీ తాగుదాం" అన్నారు.

అంతే. ఒక్క మాట అనలేదు. నా గుండెల మీంచి బండ దించినట్టయింది. ఇంత చదువుకున్న మనిషి, ఇంతమంది బాధలు విన్న మనిషి, ఏమీ అనలేదంటే ఇది అంత పెద్ద తప్పేం కాదేమో, ఏదో జరిగిపోయిందిలే అనుకున్నాను. మస్తాన్ భాయ్ వ్యాన్‌లో సువైక్ వచ్చేదాకా హాయిగా నిద్రపోయాను. ఆ తర్వాత పదిహేను రోజులు కూడా హాయిగానే పడుకున్నాను. సునీత సూట్‌కేసు కొనడానికి వెళ్తే నేనే తోడు వెళ్ళాను, జిప్పు గట్టిగా ఉందో లేదో లాగి కూడా చూశాను.

సునీత విమానం మంగళవారం. దానికి ముందు శుక్రవారం షెడ్డులో మేడమ్, నేను దుప్పటి వెనకాల ఉన్నాం. మిగతావాళ్ళు ఇంకా రాలేదు. లోపల చీకటి, నా పక్కన బల్బు ఒక్కటే. రాణి చెయ్యి ఊడితే కుడుతూ, "మేడమ్, కత్తెర ఇవ్వండి" అన్నాను. "ఊఁ" అన్నారు. ఇవ్వలేదు. మళ్ళీ అడిగాను. "ఊఁ" అన్నారు, నవ్వారు. కత్తెర ఆవిడ ఒడిలోనే ఉంది.

నర్సుని కదా, ఏదో కలుక్కుమంది. ఆవిడ ఎడం చెవి వెనక చప్పుడయ్యేట్టు వేళ్ళు రాపిడి చేశాను. కదల్లేదు. అప్పుడు మామూలు గొంతుతో, "మేడమ్, మత్రాలో సముద్రం ఎండిపోయిందట. అందరూ నడుచుకుంటూ బొంబాయి వెళ్ళిపోతున్నారట" అన్నాను.

"ఊఁ" అన్నారు మేడమ్, ఎంతో జాలిగా.

 ఆవిడ భుజం పట్టుకుని బల్బు వెలుగులోకి తిప్పాను. "మీకు వినపడదా?" అని అరిచాను.

పెదాలు చూసి అర్థం చేసుకున్నారు. అంతసేపూ ఉన్న నవ్వు మొహం మీంచి జారిపోయింది. "కుడి చెవి కాస్త నయం" అన్నారు. "ఎడంది రెండేళ్ళయింది. మొహం కనబడితే నడిచిపోతుంది."

"మరి మిషను పెట్టుకోవచ్చుగా?"

"వినడం నేర్పే పంతులమ్మకి చెవుడంటే ఎవరొస్తారే నా దగ్గరికి? కాలేజీ వాళ్ళు కాంట్రాక్టు ఇస్తారా?" అన్నారు. ఆవిడ గొంతు అంత చిన్నదైపోవడం నేను ఎప్పుడూ వినలేదు.

నాకు జాలి వెయ్యలేదు, అబద్ధమెందుకు. పట్టరాని కోపం వచ్చింది. ఈవిడ ఊఁ నమ్ముకుని కదా నేను పదిహేను రోజులు నిద్రపోయాను! "ఆ రోజు సముద్రం దగ్గర నేను చెప్పింది?" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "ఏడుస్తున్నావని మాత్రం తెలిసింది. ఇంటి మీద బెంగ అనుకున్నాను" అన్నారు.

ఆవిడ కుడి చెవి దగ్గర నోరు పెట్టి మొత్తం మళ్ళీ చెప్పాను. మొదటిసారి ఏడుస్తూ చెప్పినప్పుడు అది నా కష్టంలా ఉంది. ఈసారి ఒక్కొక్క ముక్కా విడిగా, గట్టిగా, నిదానంగా చెప్పాల్సి వచ్చింది. సూది నేను వేశాను. రాయలేదు. అడిగితే చెప్పలేదు. అలా చెప్తుంటే అందులో కష్టం లేదు, తప్పొక్కటే ఉంది. మేడమ్ ఈసారి ఊఁ అనలేదు. చెప్పడం అయ్యాక రేకు చిల్లులోంచి పడుతున్న వెలుగులో తన బూట్ల వంక చూసుకున్నారు.

"సునీత కూడా వచ్చింది నా దగ్గరికి" అన్నారు. "అదే వారం. నా ఒళ్ళో మొహం దాచుకుని ఏదో చెప్పింది. పెదాలు కనబడలేదు. ఊఁ అన్నాను. ఇద్దరిదీ విని ఉంటే ఆ రోజే తేలిపోయేది కదే."

తర్వాత లేచి సంచీ భుజాన వేసుకున్నారు. "పద. నేను చెప్పుకోవాల్సింది నేను చెప్పుకుంటాను, నీది నువ్వు చెప్పుకో" అన్నారు. ఆ రోజు ఆట లేదని మస్తాన్ భాయ్ బయట అందరికీ చెప్పాడు.

క్వార్టర్స్‌లో సునీత సూట్‌కేసు తెరిచి మంచం మీద పెట్టుకుని యూనిఫామ్‌లు మడతపెడుతోంది. నేను గుమ్మంలో నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనేమోనని. ఆ పిల్ల మడతపెట్టడం ఆపలేదు. మేడమ్ ముందుకెళ్ళి, "నువ్వు ఆ రోజు చెప్పింది నాకు వినపడలేదమ్మా. వినపడలేదని చెప్పడానికి సిగ్గుపడి ఊఁ అన్నాను. ఇప్పుడు చెప్తావా?" అన్నారు.

సునీత చేతిలో ఉన్న చొక్కా కింద పెట్టింది. "చెప్తాను" అంది. "ఇద్దరూ కూర్చోండి. కానీ ఒక్కళ్ళు కూడా ఊఁ కొట్టకండి. ఈ నెలంతా నాకు ఊఁలే మిగిలాయి. నోరు మూసుకుని వినండి."

కూర్చున్నాం. తనంటే నెమ్మదైన పిల్ల అనుకునేదాన్ని. మొదట్నుంచీ చెప్పింది. డ్యూటీకి పావుగంట ముందే వచ్చానంది. సిరంజీలో గీతలు రెండుసార్లు చూసుకున్నానంది. "నేను సూది పట్టుకుని వెళ్తే బాబా ఖలాస్, ఖలాస్ అని చెయ్యి అడ్డం పెట్టాడక్కా. ముసలాయన, సూదంటే భయపడుతున్నాడనుకున్నాను. బుజ్జగించి మరీ పొడిచాను. ఆయన చస్తే నేనే చంపినట్టు కదా? ఆ చెయ్యి నాకు రోజూ కనబడుతోంది. నువ్వు పక్కన కూర్చుని పప్పు వేసేదానివి" అంది. మేడమ్ ఆ పిల్ల పెదాల వంకే చూస్తున్నారు. అలవాటు కొద్దీ ఊఁ వచ్చేస్తుందేమోనని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నా తుడుచుకోలేదు.

ఆ తర్వాత రెండు మూడు నెలలు మేడమ్ ఏం చేశారో కూడా చెప్పాలి. చెవికి మిషను పెట్టించుకున్నారు. ఎవరెవరు తన దగ్గర ఏం చెప్పుకున్నారో గుర్తు చేసుకుని, రూమ్ రూమ్‌కీ తిరిగారు. సువైక్, మత్రా, ఎక్కడో దుక్మ్ క్యాంపు. "బాబూ, అప్పుడు నాకు వినపడలేదు, మళ్ళీ చెప్తావా?" అని అడిగేవారు. కొందరు నవ్వేశారు. కొందరు మళ్ళీ మొత్తం చెప్పారు. ఒకాయన మాత్రం మొహం మీదే తలుపు వేసేశాడట. "మరి వెయ్యడా" అన్నారు మేడమ్ నాతో. పక్కటెముక విరిగిన ఆ జగిత్యాల అబ్బాయి అప్పటికే ఇంటికి వెళ్ళిపోయాడు. వాడు ఏం చెప్పాడో ఆవిడకి ఎప్పటికీ తెలీలేదు. కూర్చుని ఉండి ఉండి, "ఆ అబ్బాయి ఏం చెప్పి ఉంటాడంటావ్?" అని నన్ను అడిగేవారు.

అవన్నీ తర్వాతి సంగతులు. మేడమ్ అంటే నాకు మొదట కళ్ళ ముందుకొచ్చేది ఆ శుక్రవారం తర్వాత ఆదివారం పొద్దు.

మాట్రన్ గది తలుపు తీయకముందే వెళ్ళి నిలబడ్డాను. చెప్పాను. ఆవిడ కాగితం ఇచ్చి రాయమంది. రాసి సంతకం పెట్టాను. నా ఎదురుగానే ఆఫీసుకి ఫోన్ చేసి సునీత టికెట్ ఆపమంది. "నీ విషయం పెద్దవాళ్ళు చూస్తారు. నువ్వు ఇవాళ్టినుంచి మందులు ముట్టుకోవద్దు" అంది. సరేనన్నాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. బయటికి వచ్చాను.

వరండా నిండా జనం. కర్రలు పట్టుకున్న ముసలి ఒమానీలు, నల్ల బురఖాల్లో తల్లులు, చంటిపిల్లల ఏడుపులు, టోకెన్ నంబర్లు అరిచే మైకు. ఆ సందట్లో బెంచీ చివర మేడమ్ కూర్చుని ఉన్నారు. కాలేజీ ఎగ్గొట్టి, తెల్లవారుజామునే మస్తాన్ భాయ్‌ని లేపి వచ్చారట.

దగ్గరికెళ్ళి, "చెప్పేశాను మేడమ్" అని గొణిగాను.

ఆవిడ అరచెయ్యి డొప్పలా చేసి చెవి వెనక పెట్టుకున్నారు. రెండేళ్ళు ఎవరి కంటా పడకుండా దాచుకున్న మనిషి, అంతమంది చూస్తుండగా మెడ సాచి, "ఏంటీ? నాకు వినపడదు. గట్టిగా చెప్పు" అన్నారు.

అటూ ఇటూ చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ చెయ్యి దించలేదు.

"సూది నేనే వేశానని చెప్పాను మేడమ్!" అని అరిచాను. "నేనే వేసి రాయలేదు! సునీత తప్పేం లేదు!"

మైకు దగ్గరి మనిషి ఆగిపోయాడు. ముసలాళ్ళు కర్రల మీద ఆనుకుని నా వంక చూశారు. వాళ్ళెవరికీ ఒక్క ముక్క తెలీదు. ఆ వరండాలో తెలుగు వచ్చినవాళ్ళం ముగ్గురమే. మూడో మనిషి అటు చివర, డ్రెస్సింగ్ ట్రే పట్టుకుని వార్డులోకి వెళ్ళబోతూ, తలుపు దగ్గర నిలబడిపోయింది.

మేడమ్ ఆ పిల్ల వంక చూశారు. తర్వాత నా వంక చూశారు. చెయ్యి ఇంకా చెవి దగ్గరే ఉంది.

"ఇంకోసారి" అన్నారు.

ఇంకోసారి చెప్పాను, అటువైపు తిరిగి.